ప్రశ్నకూ ఒక పరీక్ష

దుగ్గిరాల యార్డుకు పసుపు తోలుకెళ్లిన కొల్లిపర రైతు, బస్తా ఎక్కించే ముందు కాటా మీద తూనికల శాఖ ముద్ర ఉందో లేదో చూసుకుంటాడు. ఏడాది కష్టాన్ని తూచే కాటా అది. మరి మన పిల్లల చదువును తూచే ప్రశ్నకు ముద్ర వేసేదెవరు?

అమెరికాలో వైద్యం చేయాలంటే మన గుంటూరు డాక్టరైనా యు.ఎస్.ఎం.ఎల్.ఇ. గట్టెక్కాల్సిందే. అందులో మొదటి అంచెలో 280 దాకా ప్రశ్నలుంటాయి. కొన్నిటికి అసలు మార్కులే ఉండవు. అవి ఏవన్నది రాసేవాళ్లకు చెప్పరు. నర్సుల ఎన్‌క్లెక్స్ పరీక్షలోనైతే అలాంటివి 15. చెమటోడ్చి రాసిన జవాబు లెక్కలోకి రాకపోవడం అన్యాయమని మొదట నాకూ అనిపించింది. ఆ ప్రశ్న పుట్టుక నుంచి జరిగేది తెలిశాక అభిప్రాయం మార్చుకున్నాను.

ప్రశ్నను వైద్య అధ్యాపకులు రాస్తారు, తోటి నిపుణులు దిద్దుతారు. అయినా అది ఎంత కష్టమో, ఎవరిని తికమక పెడుతుందో కాగితం మీద చూసి చెప్పడం వాళ్లకూ సాధ్యం కాదు. అందుకే దాన్ని అసలు ప్రశ్నల మధ్య కలిపేస్తారు. మార్కులు లేవని తెలిస్తే ఎవరూ మనసు పెట్టరు కాబట్టి గుట్టుగా ఉంచుతారు. తర్వాత జవాబులు చూస్తారు. మిగతా పరీక్ష బాగా రాసినవాళ్లు దీన్నీ సరిగ్గా రాశారా? తప్పు జవాబుల్లో ఎవరూ ముట్టనిది ఉందా? ఉంటే అది ఉత్త పొల్లు. బాగా చదివినవాళ్లే రెండు జవాబుల మధ్య చీలిపోతే, లోపం ప్రశ్నలో ఉందేమోనని అనుమానించాలి. అలాంటిదాన్ని దిద్దుతారు, లేదా పారేస్తారు. నెగ్గిన ప్రశ్న ప్రశ్నల భాండాగారానికి చేరి, ఇంకో ఏడాది మార్కులతో తిరిగొస్తుంది. దాని బరువు ముందే తెలుసు కనుక, వేర్వేరు రోజుల్లో వేర్వేరు ప్రశ్నలు రాసినవాళ్లనూ ఒకే కొలతలో చూడవచ్చు.

మన దగ్గర ఏం జరిగింది? 2024 మే 5న నీట్ భౌతికశాస్త్రంలో పరమాణువుల స్థిరత్వంపై ఒక ప్రశ్న వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్తదాని ప్రకారం మరొకటి. మొదట రెండిటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు అడిగితే ఢిల్లీ ఐఐటీ నిపుణులు ముగ్గురు చూసి, నాలుగో జవాబే సరైనదన్నారు. దాంతో రెండో జవాబు రాసిన 4 లక్షల మందికి పైగా విద్యార్థులకు తలా 5 మార్కులు పోయాయి. 720కి 720 వచ్చినవాళ్లు 61 నుంచి 17కు తగ్గారు. సరుకు తూచి డబ్బు పంచాక కాటా సరిచూసినట్టయింది. ముందే కొన్ని వేలమంది మీద పరీక్షించి ఉంటే ఆ చీలిక అప్పుడే బయటపడేది.

ఆ నీట్ ప్రశ్నపత్రం పిల్లలతో ఇంటికి వెళ్లింది. అలాంటి పద్ధతిలో ప్రయోగ ప్రశ్నలు పెడితే సాయంత్రానికల్లా కోచింగ్ సెంటర్లకు చేరతాయి. అవి గుట్టుగా ఉండాలంటే కంప్యూటర్ పరీక్ష, పెద్ద భాండాగారం కావాలి. ఖర్చవుతుంది. అవనీయండి. తెలుగులో రాసే పిల్లల కోసమైనా ఇది జరగాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే ప్రామాణికమన్నది నీట్ నియమం. సమానంగా చదివినవాళ్లలో తెలుగులో రాసినవాళ్లే ఒక ప్రశ్న దగ్గర ఎక్కువగా తప్పుతుంటే, ఆ సంగతి ర్యాంకులు రాకముందే తెలియాలి. పరీక్ష నడిపేవారిని మన తల్లిదండ్రులు అడగాల్సింది ఇదే.