మీకు తెలుసా? మన్రోలప్ప ఎవరంటే...

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మగపిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకునేవారు. ఏ కొండమీది దేవుడోనని వెతక్కండి. ఆయన గ్లాస్గోలో పుట్టిన దొర, థామస్ మన్రో! 1800లో నిజాం ఈ సీమతో కూడిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. వచ్చింది శిస్తు వసూలుకే, అందులో దాపరికమేమీ లేదు. కాకపోతే పాళెగాళ్ల పెత్తనం అణచి, రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతి నడిపాడు. ఆ అభిమానంతో జనం దొర పేరుకు ‘అప్ప’ తగిలించి ఇంట్లో మనిషిని చేసుకున్నారు. ఇప్పుడీ పేరు అరుదు. మద్రాసు గవర్నరు హోదాలో మళ్లీ సీమ పర్యటనకొచ్చిన మన్రో, 1827 జులై 6న నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. అక్కడ ఆయన పేరిట సర్కారు మెట్లబావి తవ్వించి, తోపు వేయించింది.