అకౌంటింగ్‌లో డిగ్రీ విద్యార్థుల ప్రతిభ – ప్రభావం చూపే అంశాలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల డిగ్రీ కళాశాలలు 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నాయి. వీటిలో బి.కాం. చదివే రైతు కుటుంబాల విద్యార్థులు అకౌంటింగ్‌లో వెనుకబడితే, గణితం రాకపోవడమే కారణమని భావించడం పరిపాటి. అయితే మొదటి సెమిస్టర్ అకౌంటింగ్‌కు కావలసిన గణితం కూడికలు, తీసివేతలు, శాతాలకు మించదు. కావున ఇతర కారణాలను గుర్తించడం అవసరం.

హాజరు – పంట కాలం

అకౌంటింగ్ ఒక గొలుసు వంటిది. జర్నల్ రానివారికి లెడ్జర్ రాదు. లెడ్జర్ రానివారికి ట్రయల్ బ్యాలెన్స్ కుదరదు. ఈ తొలి పాఠాలు జరిగే ఆగస్టు – అక్టోబరు మాసాల్లోనే నడిగడ్డలో విత్తన పత్తి సంకరణం ముమ్మరంగా సాగుతుంది. సాయంత్రం మొగ్గల నుండి కేసరాలను తొలగించి, మరునాటి ఉదయం పుప్పొడి అద్దాలి. ఈ పనికి ఇంటిల్లిపాదీ కావాలి. ఆ వారాల్లో తప్పిన పాఠం సంవత్సరమంతా వెంటాడుతుంది.

పదజాలం

తెలుగు మాధ్యమంలో ఇంటర్ సి.ఇ.సి. చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా సుపరిచితాలు. డిగ్రీలో అవే జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్‌గా ఎదురైనప్పుడు తెలిసిన విషయమే కొత్తదనిపిస్తుంది. ఇతర గ్రూపుల నుండి వచ్చినవారికి రెండూ కొత్తవే.

డెబిట్ – క్రెడిట్ సందేహం

ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు సందేశం 'క్రెడిట్' అంటుంది. తరగతిలో మాత్రం వచ్చిన నగదును డెబిట్ చేయమంటారు. బ్యాంకు తన పుస్తకాల ప్రకారం రాస్తుందని, దాని దృష్టిలో ఖాతాదారుడు రుణదాత అని వివరిస్తే సందేహం తీరుతుంది.

ఇంటి లెక్కతో బోధన

ఉదాహరణకు, ఒక రైతు విత్తన పత్తి ఆర్గనైజర్ వద్ద రూ.50,000 అడ్వాన్సు, రూ.30,000 విలువైన ఎరువులు, మందులు అరువుగా తీసుకున్నాడనుకుందాం. అడ్వాన్సుపై నెలకు నూటికి రూ.2 చొప్పున 6 నెలల వడ్డీ రూ.6,000. ఆర్గనైజర్ ఖాతాలో మొత్తం క్రెడిట్ రూ.86,000. రూ.1,40,000 విలువైన విత్తనం అప్పగించినప్పుడు అదే ఖాతాను డెబిట్ చేస్తే, రైతుకు రావలసింది రూ.54,000. ఇది లాభం కాదు. కూలి, కౌలు వంటి ఖర్చులు కూడా లెక్కించాకే లాభనష్టాలు తేలుతాయి. ఈ లెక్క వేయగల విద్యార్థి పరీక్షలో రాణించడమే గాక, తన ఇంటి పద్దును సరిచూడగలడు.

సూచనలు

• ప్రవేశాలు పూర్తికాగానే జర్నల్, లెడ్జర్‌లపై బ్రిడ్జి తరగతులు నిర్వహించాలి.
• సంకరణం ముగిశాక తొలి పాఠాలను పునశ్చరణ చేయించాలి.
• తెలుగు, ఆంగ్ల పదాలను పక్కపక్కనే బోధించాలి.
• వారానికొక చిన్న పరీక్ష పెట్టి, పొరపాటు ఏ మెట్టులో జరిగిందో చూపాలి.
• విస్తరణ శాస్త్రవేత్తలు స్థానిక పంటల సాగు ఖర్చుల వివరాలను అధ్యాపకులకు అందించాలి.

వ్యవసాయ ఖాతాల నిర్వహణపై రైతులకు ఇచ్చే శిక్షణలో ఈ విద్యార్థులను భాగస్వాములను చేస్తే, చదువుకు సాధన, రైతుకు లెక్క రెండూ సమకూరుతాయి.