సైన్ లెక్క చేసేదెవరు?

ఆర్‌ఈసీ (2002 నుంచి నిట్) ఉన్న ఊరు కాబట్టి వరంగల్‌లో ఇంజినీరింగ్ పిల్లలకు ఎప్పుడూ కొదవ లేదు. తొంభైలలో హన్మకొండలో నేను సి లాంగ్వేజ్ పాఠాలు చెప్పేటప్పుడు వాళ్లలో ఎవరో ఒకరు అడిగేవాళ్లు: "సార్, ప్రోగ్రాంలో సైన్ అని రాస్తే ఆ లెక్క చేసేదెవరు? ప్రాసెసరా, కంపైలరా?"

మంచి ప్రశ్న. అప్పట్లో ఇళ్లకు చేరిన 286, 386 ప్రాసెసర్లకు స్వతహాగా పూర్ణసంఖ్యల లెక్కలే వచ్చు. దశాంశాలు, వర్గమూలాలు చకచకా తేలాలంటే పక్కన మ్యాథ్ కోప్రాసెసర్ అనే ఇంకో చిప్ ఉండాలి. దాని ఖరీదుకు జడిసి సాకెట్‌ను ఖాళీగా వదిలేసిన ఇళ్లే ఎక్కువ. 486 డీఎక్స్‌లో దాన్ని లోపలే కలిపేశారు. చౌకరకం 486 ఎస్ఎక్స్‌లో మళ్లీ లేదు!

టర్బో సి మెనూలో 'ఫ్లోటింగ్ పాయింట్' దగ్గర '8087' అని పెడితే కంపైలర్ నేరుగా ఆ చిప్‌కే ఆదేశాలు రాసేది. వేగం బ్రహ్మాండం. కానీ చిప్ లేని ఇంట్లో ఆ ప్రోగ్రాం ఎందుకూ పనికిరాదు. 'ఎమ్యులేషన్' పెడితే చిప్ ఉంటే వాడుకుంటుంది, లేకపోతే సాఫ్ట్‌వేర్‌తో లెక్కకడుతుంది. కాకపోతే ఆ సరంజామా అంతా ప్రతి ఈఎక్స్‌ఈ ఫైలులోకీ చేరుతుంది. పది ప్రోగ్రాములుంటే పది కాపీలు. 360 కేబీ ఫ్లాపీ మీద అదేం చిన్న బరువు కాదు.

కమడోర్ కంపెనీ 1985లో తెచ్చిన అమీగాది వేరే దారి. లెక్కల లైబ్రరీలు మెషీన్‌తోనే వచ్చేవి. మెమరీలో ఒక్క కాపీ ఉంటే ప్రోగ్రాములన్నీ దాన్నే పిలిచేవి. వీధి బోరింగ్ లాగన్నమాట. ఐఈఈఈ లైబ్రరీ అయితే కోప్రాసెసర్ ఉందో లేదో తనే చూసుకునేది. ఏడాది తర్వాత చిప్ కొని పెట్టినా, పాత ప్రోగ్రాం మళ్లీ కంపైల్ చేయకుండానే వేగం పుంజుకునేది. అయితే ప్రతి లెక్కకూ లైబ్రరీ దాకా వెళ్లిరావాలి కదా! లక్షల లెక్కలతో ఫ్రాక్టల్ బొమ్మలు గీసేవాళ్లు ఆ ఆలస్యం ఓర్వలేక కంపైలర్ వైపే మొగ్గేవాళ్లు. మన పీసీల్లోకి ఈ ఉమ్మడి పద్ధతి విండోస్ రోజుల్లో వచ్చింది, విన్87ఈఎం అనే డీఎల్‌ఎల్ రూపంలో.

నా ఓటు మాత్రం ఎమ్యులేషన్‌కే. ల్యాబ్‌లో పరుగెత్తే ప్రోగ్రాం ఇంట్లో మొరాయిస్తే, వైవా ముందు రాత్రి కూర్చుని సరిచూసుకునేదెలా? ల్యాబ్‌లో మనకు దొరికేది వారానికి కొన్ని గంటలే.

1994లో పెంటియం భాగహారంలో తప్పు బయటపడింది. 4195835ని 3145727తో భాగిస్తే 1.3338 రావాల్సింది, 1.3337 వచ్చేది. కంపైలర్ కంపెనీలు విరుగుడు ఇచ్చాయి. కానీ కొత్తగా కంపైల్ చేసిన వాటికే అది అందింది. సోర్స్ ఉన్న ఫ్లాపీకి బూజు పట్టినవాళ్లు చిప్‌నే మార్చుకోవాలి. అడిగినవాళ్లందరికీ మార్చి ఇస్తామని ఇంటెల్ ఆ డిసెంబరులో ఒప్పుకుంది.