కడుపు చిన్నదైంది, కంచం మాటేమిటి?

బరువు తగ్గడానికి ఆపరేషన్ అనే మాట ఒకప్పుడు మన పల్లెలలో ఎవరి నోటా వినిపించేది కాదు. ఈనాడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం ఆసుపత్రులలో ఈ ఆపరేషన్ చేస్తున్నారు. మన సంఘాలలో కూడా అక్కడొకరు, ఇక్కడొకరు చేయించుకొని వస్తున్నారు. షుగరు అదుపులోకి రాక, మోకాళ్లు బరువు మోయలేక, రాత్రి పడుకుంటే ఊపిరాడక, చివరికి ఎకరం పొలం తాకట్టు పెట్టో, మెడలోని గొలుసు అమ్మో ఆ పనికి పూనుకుంటున్నారు. కొన్ని నెలలు తిరిగేసరికి సగం మనిషై ఆలయానికి వస్తే అందరూ ఆశ్చర్యపోతారు. "ఇక నీకేమమ్మా, గండం గడిచింది" అంటారు.

అయితే ప్రియ పాఠకులారా, అసలు పని అప్పుడే మొదలవుతుంది. డాక్టరు చేతిలో ఉన్నది కొన్ని గంటల పని. ఆ మనిషీ ఆ ఇంటివారూ చేయవలసినది బ్రతికినంత కాలపు పని. ఆపరేషన్ కడుపును చిన్నది చేస్తుంది గాని ఇంటిలోని వంటను, వడ్డించే చేతిని, "ఇంకొక్క ముద్ద" అనే ప్రేమను మార్చదు. వాటిని మార్చుకోవలసినది మనమే.

ఆపరేషన్‌లో జరిగేది ఏమిటి?

ఈ వైద్యానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. ఆయన తన తోటి వైద్యుడు చికాషి ఇటోతో కలిసి 1966లో మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. ఈ పద్ధతిలో జీర్ణాశయపు పైభాగాన కోడిగుడ్డంత చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం మిగిలిన జీర్ణాశయాన్ని, ప్రేగులో మొదటి భాగాన్ని తాకకుండా ముందుకు పోతుంది.

ఈనాడు ఎక్కువగా చేస్తున్నది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం తీసివేసి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన ఆ భాగంలోనే. అందుకే మొదటి నెలలలో ఆకలి అంతగా తెలియదు.

రెండవ ఏడాదిలో ఉన్నది పరీక్ష

మొదటి ఏడాది బరువు దానంతటదే తగ్గుతున్నట్టు కనబడుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. ఇంటివారు జాగ్రత్తగా చూస్తారు. ఆసుపత్రి నుండి ఫోను వస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లు దాటేసరికి ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది, తినగలిగే కొలత పెరుగుతుంది. అడిగేవారు తగ్గిపోతారు. పాత అలవాట్లు తలుపు తట్టేది అప్పుడే.

స్వీడన్ దేశంలో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. అందులో ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందిని ఏళ్ల తరబడి గమనించారు. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల తరువాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే 100 కిలోల మనిషి 68 కిలోలకు దిగి, మరల 75 దగ్గర స్థిరపడినట్టు. 2007లో ప్రకటించిన ఫలితాలలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు కూడా తక్కువగా ఉన్నాయని తేలింది.

ఈ లెక్కలో మనకు రెండు పాఠాలున్నాయి. కొద్దిగా బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే గనుక దానికి కుమిలిపోనక్కరలేదు. అయితే ఆ కొద్దిగా దగ్గరే ఆగాలంటే అలవాట్లు గట్టివై ఉండాలి.

కంచంలో ఏది ముందు?

మన భోజనంలో అన్నం రాజు, కూర సేవకుడు. ఆపరేషన్ తరువాత ఈ వరుస తిరగబడాలి. ముందు మాంసకృత్తులు, అంటే గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన కోడిమాంసం, చిక్కటి పప్పు, పెరుగు. తరువాత కూరగాయలు. కడుపులో ఇంకా చోటుంటే చివరగా రెండు ముద్దల అన్నం. మాంసకృత్తులు తక్కువైతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, నీరసం వస్తుంది.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలని వైద్యులు చెబుతారు. అది మన ఇంటి వంటలోనే దొరుకుతుంది. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు. వండిన కోడిమాంసం 100 గ్రాములలో 25. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లలో 10. ఒక గిన్నెడు పప్పులో 6 లేక 7. గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లలో 7. కూడితే 60 వచ్చినట్టే. మొదటి వారాలు మాత్రం ద్రవాలు, ఆ తరువాత మెత్తగా మెదిపినవి, ఆ పైన మామూలు ఆహారం అని ఆసుపత్రివారు చెప్పిన క్రమాన్ని దాటకూడదు. వేరుశనగ గుళ్లవంటి గట్టివి వారు సరే అన్న తరువాతనే.

చిన్న కంచంలో వడ్డించుకోవాలి. ముద్దను ఇరవై, ముప్పై సార్లు నమలాలి. భోజనం ముగించడానికి ఇరవై నిమిషాలైనా పట్టాలి. సీరియలు చూస్తూ తింటే ఈ లెక్క ఒక్కటీ గుర్తుండదు. చాలు అని కడుపు చెప్పిన తరువాత తినే ఒక్క ముద్ద వాంతి తెప్పించగలదు.

నీళ్లు, మజ్జిగ

అన్నం మధ్యలో చెంబెడు నీళ్లు త్రాగడం, చివర మజ్జిగ పోసుకొని జారుడుగా తినడం మన వాడుక. నీరు కలిసిన ఆహారం చిన్న సంచిలో నిలవక త్వరగా జారిపోతుంది, మరల ఆకలి వేస్తుంది. గనుక భోజనంతో నీళ్లు వద్దు. తిన్న తరువాత అరగంట ఆగి, గుటక గుటకగా త్రాగాలి. రోజంతటిలో లీటరున్నరకు తగ్గకూడదు. ఎండలో పొలం పని చేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. సీసా చేతిలో ఉంటేనే ఇది సాధ్యం.

జారిపోయే తిండితో జాగ్రత్త

కడుపు నిండా తినలేని మనిషికి బరువెలా తిరిగి వస్తుంది? చాలామంది అడిగే ప్రశ్న ఇది. మాంసం ముక్క నాలుగు నమిలితే చాలనిపిస్తుంది. మిక్చరు, జంతికలు, బిస్కట్లు, ఐస్‌క్రీము అలా కాదు. అవి సులువుగా దిగిపోతాయి, ఎంత తిన్నా అడ్డుపడవు. రోజంతా కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటే చిన్న కడుపు కూడా పెద్ద లెక్క మింగుతుంది.

నేనెరిగిన ఒక సహోదరి ఏడాదిన్నరలో 36 కిలోలు తగ్గింది. మూడవ ఏడాదిలో 9 కిలోలు తిరిగి వచ్చాయి. "ఇంత డబ్బు పోసి ఇదేనా?" అని ఎవరైనా అంటారేమోనని ఆమె ఆలయంలో వెనుక వరుసకు మారింది, ఆసుపత్రికి వెళ్లడం మానుకుంది. చివరికి ఆడపడుచు బలవంతం మీద వెళ్తే, అక్కడి పోషకాహార నిపుణురాలు కోప్పడలేదు. వారం రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయమన్నది. వ్రాసి చూస్తే భోజనాలు సరిగానే ఉన్నాయి. పంచదార టీ రోజుకు నాలుగుసార్లు, దానితో బిస్కట్లు, మనుమడు మిగిల్చిన చిప్స్. అవే ఆ 9 కిలోలు. అత్తగారు ఆ రోజే బిస్కట్ల డబ్బాను అలమరలో నుండి తీసివేసింది. ఆ కుటుంబానికి కావలసిన మందు మరొక ఆపరేషన్ కాదు, ఒక నోటుపుస్తకమే.

తీపి విషయంలో మరొక చిక్కు ఉన్నది. బైపాస్ చేయించుకున్నవారు బూరెలు, పాయసం, కూల్ డ్రింకు తీసుకుంటే ఆ పంచదార ఒక్కసారిగా ప్రేగులోకి దిగుతుంది. అరగంటలోపే గుండె దడ, చెమట, కడుపు నొప్పి, విరేచనం రావచ్చు. దీనిని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుండి మూడు గంటల తరువాత రక్తంలో షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్లీవ్ చేయించుకున్నవారిలో ఇది తక్కువగా కనబడుతుంది గనుక తీపి వారిని మరింత సులువుగా మోసపుచ్చుతుంది.

బిళ్ళలు మానవద్దు

"ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా బిళ్ళలెందుకు?" అని కొందరంటారు. "ప్రార్థన చేసుకున్నాను, మానేశాను" అని మరికొందరంటారు. ప్రార్థన చేసుకోండి, బిళ్ళా వేసుకోండి. కడుపు, ప్రేగుల మార్గం మారినందున విటమిన్లు, ఐరన్, కాల్షియం శరీరానికి చాలినంత అందవు. బి12 నిల్వలు కాలేయంలో కొంతకాలం ఉంటాయి గనుక లోటు వెంటనే తెలియదు. తెలిసేసరికి పాదాలు తిమ్మిర్లెక్కడం, మతిమరుపు, రక్తహీనత వచ్చి ఉంటాయి.

ఐరన్ బిళ్ళకు, కాల్షియం బిళ్ళకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ బిళ్ళను టీతో వేసుకుంటే వంటబట్టదు. మొదటి ఏడాది డాక్టరు పిలిచిన ప్రతిసారీ, ఆ తరువాత ఏడాదికొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. మూడు నాలుగు నెలలప్పుడు జుట్టు రాలితే భయపడవద్దు. చాలామందికి అది మరల వస్తుంది. పిల్లలు కావాలనుకునే యువతులు ఆపరేషన్ తరువాత ఏడాది నుండి ఏడాదిన్నర ఆగాలి.

ఊళ్లో వైద్యం చేయించుకునేటప్పుడు

ఇది పల్లెవారు ముఖ్యంగా గమనించవలసిన సంగతి. ఒళ్లు నొప్పులని డైక్లోఫినాక్, బ్రూఫెన్ వంటి బిళ్ళలు మందుల షాపులో అడిగి వేసుకోవడం మనకు మామూలు. బైపాస్ చేయించుకున్నవారికి ఇవి కలిపిన చోట పుండు పుట్టించగలవు. చుట్ట, సిగరెట్టు కూడా అంతే. కల్లు, సారా రక్తంలోకి ముందుకంటె వేగంగా ఎక్కుతాయి, ఎక్కువగా ఎక్కుతాయి. ఆపరేషన్ తరువాత కొన్నేళ్లకు త్రాగుడుకు బానిసలైనవారు కూడా ఉన్నారు.

మరొక ప్రమాదం సెలైను. నీరసంగా ఉందంటే గ్లూకోజు బాటిల్ పెట్టించుకోవడం మన ఊళ్ల అలవాటు. రోజుల తరబడి వాంతులైనవారికి శరీరంలో బి1 విటమిన్ అడుగంటుతుంది. అటువంటప్పుడు ముందుగా బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చు. గనుక ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా "నాకు ఫలానా ఆపరేషన్ అయింది" అని ముందే చెప్పాలి. ఆ వివరాలు వ్రాసిన కాగితం జేబులో ఉండాలి. వాంతులు ఆగకపోయినా, తీవ్రమైన కడుపు నొప్పి, జ్వరం, నల్లని విరేచనం కనబడినా ఆలస్యం చేయక ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి.

ఒంటికి పని

రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుకుగా నడిస్తే వైద్యులు చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. కాలువ గట్టు ఉంటే చాలు. ఇద్దరు కలిసి నడిస్తే ఒకరు బద్ధకించిన రోజు మరొకరు పిలుస్తారు. అయితే బస్తాలు, నీళ్ల బిందెలు ఎత్తడం డాక్టరు సరే అనేదాకా వద్దు.

ఉపవాసము, ప్రేమ విందు

మన సంఘ జీవితంలో ఈ రెండూ ఉన్నాయి గనుక చెప్పక తప్పదు. ఆపరేషన్ అయినవారు, ముఖ్యంగా మొదటి నెలలలో, నీళ్లు కూడా ముట్టని ఉపవాసము చేయకూడదు. షుగరు మందులు వాడేవారైతే మరీ ప్రమాదం. తమ డాక్టరును అడిగి, ఆయన చెప్పిన మేరకే నడుచుకోవాలి. కాపరులు, పెద్దలు వారిని బలవంతపెట్టకూడదు. ఉపవాస కూటమిలో ఒక సహోదరుడు మజ్జిగ గుటక వేస్తే అతనికి భక్తి తక్కువని ఎవరూ తలంచవద్దు.

ప్రేమ విందులోనూ, పెండ్లి విందులోనూ విస్తరిలో బిర్యాని కుమ్మరించి "తినకపోతే మా మీద ఒట్టే" అనడం మన మర్యాద. ఆ మర్యాద వీరికి శిక్ష. "నీకేమి వడ్డించమంటావు, అన్నయ్యా?" అని అడగడమే వీరికి చేసే మర్యాద. రెండు ముక్కలు తిని చేయి కడుక్కుంటే సంతోషంగా పంపండి.

ఇంటివారికి ఒక మాట

ఒక్కరికే వేరే వంట వండితే అది నెల రోజులు కూడా సాగదు. నూనె తగ్గిన కూర, తీపి లేని టీ, వేళకు భోజనం ఇంటిల్లిపాదికీ మేలే. పిల్లలకు అది ఆస్తి.

నోరు కూడా అదుపులో ఉండాలి. తగ్గితే "చిక్కిపోయావే, ఏ జబ్బు?" అంటారు. పెరిగితే "మళ్లీ మొదలా?" అంటారు. చాలామంది తిండిని ఆశ్రయించేది ఆకలికి కాదు, దుఃఖానికి, ఒంటరితనానికి. అంతకుముందు పళ్లెంలో ఓదార్పు వెదికిన మనిషికి ఇప్పుడు ఆ పళ్లెం కూడా లేదు. వారితో కూర్చొని మాట్లాడండి. దిగులు ఎడతెగకపోతే డాక్టరుకు చెప్పండి.

ఆపరేషన్ చేయించుకొని రెండేళ్లు దాటినవారు మీ ఇంట్లోగాని, మీ పొరుగునగాని ఉన్నారా? చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఈ వారమే అడగండి. ఏడాది దాటితే తోడు వెళ్లండి. బరువు పెరిగిందని సిగ్గుపడి ఆగిపోయినవారైతే మరీ ముఖ్యంగా తోడు వెళ్లండి. బస్సులో ప్రక్కన కూర్చునే మనిషి ఉంటే ఆసుపత్రి గడప ఎక్కడం అంత కష్టమనిపించదు.