సిద్ధాంత గ్రంథము – పరీక్షకుని దృష్టి

విశ్వవిద్యాలయ పట్టముకొఱకు సమర్పించు పరిశోధన రచనకు మనవారు సిద్ధాంత గ్రంథమని పేరు పెట్టిరి. పేరు చిన్నదే గాని అందు పెద్ద బాధ్యత ఇమిడియున్నది. మన శాస్త్ర సంప్రదాయమున సిద్ధాంతము ఊరక పుట్టదు. మొదట సంశయము కలుగవలెను. దానిపై పూర్వపక్షము నిలువవలెను. ఆ పక్షమును హేతువులతో పరీక్షించి, నిలుచుదానిని నిలిపి, నిలువనిదానిని త్రోసిపుచ్చిన పిమ్మట తేలునదే సిద్ధాంతము. సంశయమే లేనిచోట సిద్ధాంతమునకు తావు లేదు. ఈ ఒక్క మాట మనస్సున నిలుపుకొన్నచో, పరీక్షకుడు గ్రంథమున ఏమి వెదకునో సగము తెలిసినట్లే.

పగలు పాఠశాలలో బోధించుచు, సెలవు దినములలో గ్రంథాలయముల చుట్టు తిరిగి పరిశోధన సాగించు ఉపాధ్యాయులు మనలో పెక్కురు కలరు. నాలుగైదేండ్ల శ్రమను అట్టకట్టించి సమర్పించిన తరువాత, అది ఎవరి చేతికి పోవునో, వారు దానిని ఎట్లు చదువుదురో తెలియక వారు దిగులుపడుట సహజము. ఆ దిగులునుండి రెండు అపోహలు పుట్టుచున్నవి. పుటలు పెరిగినకొలది విలువ పెరుగునన్నది ఒకటి. పరీక్షకుడు తప్పులు పట్టుటకే కూర్చుండునన్నది రెండవది. ఈ రెండును సత్యమునకు దూరములు.

ముందుగా పద్ధతి ఎట్టిదో చూతము. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2022లో వెలువరించిన నిబంధనల ప్రకారము, డాక్టరేటు గ్రంథమును పర్యవేక్షకునితోపాటు, ఆ విశ్వవిద్యాలయమున ఉద్యోగులు కాని ఇద్దరు పరీక్షకులైనను పరిశీలింపవలెను. వారి నివేదికలు అనుకూలముగా నున్ననే మౌఖిక పరీక్ష జరుగును. ఇద్దరు బయటి పరీక్షకులలో ఒకరు అనుకూలింపనిచో గ్రంథమును మఱియొక పరీక్షకునికి పంపుదురు. ఆయనయు కాదన్నచో ఆ గ్రంథము త్రోసివేయబడును. సమర్పించిన నాటినుండి ఆరు నెలలలో ఈ తతంగమంతయు ముగియునట్లు చూడవలెనని నియమము. ఎం.ఏ.కును డాక్టరేటుకును నడుమ మెట్టుగా నుండిన ఎం.ఫిల్. పట్టము ఈ నిబంధనలతోడనే నిలిచిపోయినది. కావున నేడు ఎం.ఏ. ముగించినవాడు నేరుగా పెద్ద పరిశోధనలో అడుగిడుచున్నాడు. మెట్టు తగ్గినది గాని ఎత్తు తగ్గలేదు.

ఎం.ఏ. స్థాయిలో వ్రాయు లఘు పరిశోధనమున పరీక్షకుడు కోరునది పరిమితమైనది: విద్యార్థి విషయమును చదివి గ్రహించెనా, సమాచారమును క్రమముగా కూర్చగలిగెనా అనునంతయే. డాక్టరేటు గ్రంథమున మాత్రము, ఇంతకుముందు లోకమునకు తెలియనిది ఒకటి తేలవలెను. అది క్రొత్త ఆధారము కావచ్చును, పాత ఆధారమునకు క్రొత్త అన్వయము కావచ్చును, పెద్దలు ఒప్పుకొన్న అభిప్రాయమునకు సవరణ కావచ్చును. అంతమాత్రమున అది లోకమును తలక్రిందులు చేయనక్కఱలేదు. ఆస్ట్రేలియాలో జెరి మలిన్స్, మార్గరెట్ కైలీ అను ఇద్దరు పరిశోధకులు అనుభవము గల 30 మంది పరీక్షకులను ప్రశ్నించి 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఇది డాక్టరేటు మాత్రమే గాని నోబెల్ బహుమతి కాదను అర్థము వచ్చు మాటనే దానికి పేరుగా ఉంచిరి. ఆ పరీక్షకులు గ్రంథము నెగ్గవలెనని కోరుచునే చదువ మొదలిడుదురనియు, అభ్యర్థిని త్రోసివేయుటకు వారికి మనసొప్పదనియు అందు తేలినది. అయితే మొదటి రెండు మూడు అధ్యాయములు ముగియునప్పటికే, ఈ రచన సాఫీగా సాగునా, లేక ప్రయాసతో చదువవలసివచ్చునా అను తీర్పు వారి మనస్సున ఏర్పడుచున్నదనియు తేలినది. కావున ఆరంభముననే పరీక్షకుని విశ్వాసము చూఱగొనని గ్రంథము చివర ఎంత గొప్ప మాట చెప్పినను, దానికి రావలసిన గౌరవము రాదు.

ఆరంభమున ఏమి యుండవలెను? దీనికి మన పూర్వులు ఎన్నడో సమాధానము చెప్పియున్నారు. శాస్త్రగ్రంథమునకు విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగు అనుబంధములు ఉండవలెనని వారి నియమము. దేనిని గూర్చి చెప్పుచున్నావు? దానివలన ఫలమేమి? చెప్పుచున్నదానికిని ఆ ఫలమునకును పొత్తు ఎట్టిది? దీనిని చదువదగినవాడెవడు? పరీక్షకుడు ఉపోద్ఘాతమున వెదకునది ఇంచుమించుగా ఈ నాలుగింటినే.

మన తెలుగు శాఖలలో విషయమునకు బదులు వస్తువును ఎన్నుకొను అలవాటు ఒకటి పాతుకొనిపోయినది. ఒక కవి పేరునో, ఒక నవలాకారుని పేరునో తీసుకొని దాని ప్రక్కన సమగ్ర పరిశీలనము అని చేర్చుదురు. మొదటి అధ్యాయమున కవి జననము, బాల్యము, వివాహము. రెండవ అధ్యాయమున ఆ సాహిత్య ప్రక్రియ ప్రపంచమున పుట్టి పెరిగిన కథ. తరువాత గ్రంథమునకొక అధ్యాయము చొప్పున కథాసంగ్రహములు. నూఱు పుటలు తిరుగవేసినను ప్రశ్న కానరాదు. కన్యాశుల్కమును ఉదాహరణముగా తీసికొందము. ఆ నాటకము మొదట 1897లో అచ్చయినది. గురజాడ దానిని మిక్కిలిగా మార్చి, పెంచి 1909లో రెండవ కూర్పు వెలువరించెను. కన్యాశుల్కము, సమగ్ర పరిశీలనము అన్నచో అది వస్తువు మాత్రమే. మొదటి కూర్పునుండి రెండవ కూర్పునకు వచ్చుసరికి మధురవాణి పాత్ర ఏ యే తావుల మారినది, ఆ మార్పువలన నాటకము పలుకు తీర్పు ఎట్లు మారినది అన్నచో అది ప్రశ్న. ప్రశ్న యున్నచో ఏ పుట అవసరమో, ఏది అనవసరమో దానంతట అదియే తేలిపోవును.

పేరులోనే ప్రశ్నను ధ్వనింపజేసిన గ్రంథములు మనకు లేకపోలేదు. సి. నారాయణరెడ్డి సిద్ధాంత గ్రంథము ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు అను పేర 1967లో అచ్చయినది. ఆధునిక కవిత్వము అను విశాలమైన పొలమునకు ఆయన రెండు గట్లు వేసెను. ఏది పూర్వులనుండి వచ్చినది, ఏది క్రొత్తగా చేసినది అను విచారమే ఆ గట్లు. గట్టు లేని పొలమున నీరు నిలువదు.

పరీక్షకుడు తరువాత చూచునది పూర్వ పరిశోధన సమీక్షను. ఇక్కడ చాలమంది, ఫలానా వారు ఫలానా గ్రంథము వ్రాసిరి, అది మిక్కిలి ప్రశంసనీయము, అని వరుసగా వ్రాసిపోవుదురు. అది సమీక్ష కాదు, హాజరుపట్టీ. ముందువారు ఎంతవరకు వచ్చి ఆగిరి, ఎందులకు ఆగిరి, వారిలో ఎవరి మాటకు ఎవరి మాట అడ్డుపడుచున్నది, ఆ ఆగినచోటినుండి నేను ఎటు పోవుచున్నాను, ఇది చెప్పినపుడే అది పూర్వపక్షమగును. ముందువారిని చదువక చేసిన పరిశోధన పిష్టపేషణమగు ప్రమాదము కలదు; పిండిని ఎంత విసరినను పిండియే గదా.

అనంతరము ఆకరముల పరీక్ష. ఇక్కడ పరీక్షకులు స్థాలీపులాక న్యాయమును పాటింతురు. అన్నము ఉడికెనా లేదా తెలియుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కఱలేదు. అట్లే పాదసూచికలలో నాలుగింటిని తీసి మూలముతో పోల్చి చూతురు. పుటసంఖ్య తప్పినచో, సంవత్సరము తప్పినచో, పాదసూచికలో పేర్కొన్న గ్రంథము చివరి పట్టికలో లేనిచో, కుండంతటిని గూర్చి సందేహము కలుగును. పైని చెప్పిన పరీక్షకులు ముద్రణ దోషములను, ఆకరముల తప్పులను చూచినపుడు పరిశోధనయు అట్లే అజాగ్రత్తగా జరిగియుండునని శంకింతుమనిరి. కన్యాశుల్కమునుండి సంభాషణను ఉదాహరించి ఏ కూర్పో చెప్పకపోవుట చిన్న లోపము కాదు, వాదమునకే చేటు. వేమన పద్యముల విషయమున ఈ జాగ్రత్త మఱింత అవసరము. బ్రౌను 1829లో వేమన పద్యములను అచ్చు వేయించిన తరువాత ఎన్నో సంకలనములు వచ్చినవి. పద్యముల సంఖ్యయు, పాఠములును ఒకదానికొకటి సరిపోవు. ఏ సంకలనమున ఏ పాఠమో చూపక, వేమన ఇట్లనెను అని తీర్పు చెప్పువాడు ఇసుకపై గోడ కట్టుచున్నాడు.

ఈ విషయమున మన పరిశోధకులకు గురువుగా నిలుపదగినవాడు మల్లినాథసూరి. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారమునకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన ఈ వ్యాఖ్యాత, ఆధారము లేనిదేదియు తన వ్యాఖ్యలో చేర్చననియు, సందర్భము కోరనిదేదియు పలుకననియు మాట యిచ్చి కలము పట్టెను. మొదటి నియమము ఆకరములకు, రెండవ నియమము పుటల సంఖ్యకు. పరీక్షకుని కొలబద్దను ఇంతకంటె సంగ్రహముగా చెప్పుట కష్టము.

ఆధారమున్నంతమాత్రమున చాలదు, దానిని సంపాదించిన పద్ధతియు, దానినుండి నిర్ణయమునకు వచ్చిన త్రోవయు కనబడవలెను. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధనము తెలుగు జానపద గేయసాహిత్యము అను పేర 1958లో గ్రంథరూపము దాల్చినది. పండితులు సాహిత్యముగా లెక్కింపని పాటలను ప్రజల నోటినుండి సేకరించి, విభజించి, విశ్వవిద్యాలయము ముందు సాక్ష్యముగా నిలిపిన కృషి అది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువులపై పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధనమునకు 1957లో డాక్టరేటు వచ్చినది. అది 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడినది. తెలుగు ధాతువులను సోదర ద్రావిడ భాషల ధాతువులతో పోల్చి, ధ్వనుల మార్పులలోని క్రమమును చూపుట ఆయన మార్గము. ఒకరిది ఊళ్లు తిరిగిన పరిశోధనము, మఱియొకరిది మాటను విప్పి చూచిన పరిశోధనము. మార్గములు వేఱైనను ఇద్దరి గ్రంథములలోను సామగ్రికిని నిర్ణయమునకును నడుమ వంతెన కనబడును. పరీక్షకుడు ఆ వంతెనపై నడిచి చూచును. నడుమ పలక ఊడినచో అక్కడనే ఆగును.

కావుననే ముగింపు అధ్యాయమునకు ప్రాధాన్యము. పెక్కు గ్రంథములలో ముగింపు వెనుకటి అధ్యాయముల సంక్షేపముగానే యుండును. ఆరంభమున వేసిన ప్రశ్నకు సమాధానము అక్కడ దొరకవలెను. ఆ సమాధానము ఎంతవరకు చెల్లును, ఎక్కడ చెల్లదు అనుటయు అక్కడనే చెప్పవలెను. తన హద్దు తెలిసి వ్రాసినవానిని చూచి పరీక్షకుడు చులకన చేయడు. పైపెచ్చు అతని తక్కిన మాటలను మఱింత నమ్మును.

చౌర్యమును గూర్చి ఒక మాట. ధనసహాయ సంఘము 2018లో చేసిన నిబంధనల ప్రకారము, ఇతరుల రచనతో పోలిక నూటికి 10 వంతులు మించనిచో శిక్ష లేదు. 10 దాటి 40 వఱకున్నచో ఆరు నెలల లోపల సవరించి మరల సమర్పింపవలెను. 40 దాటి 60 వఱకున్నచో సవరించిన ప్రతిని ఒక సంవత్సరము వఱకు సమర్పింప వీలులేదు. 60 దాటినచో నమోదే రద్దగును. ఉదాహరించినట్లు చెప్పి, మూలము చూపిన భాగములు ఈ లెక్కలోనికి రావు. అయితే యంత్రము పోలికనే లెక్కించును గాని దొంగతనమును లెక్కింపదు. పరుల వాక్యమును మాటలు మార్చి, భావమును మాత్రము అపహరించినవాడు యంత్రమునుండి తప్పించుకొనవచ్చును. ఆ శాస్త్రమున మునిగి తేలిన పరీక్షకుని కంటినుండి తప్పించుకొనుట కష్టము. నడక మారిన వాక్యము, ఎరువు తెచ్చుకొన్న నగ వలె, ఇట్టే తెలిసిపోవును.

మౌఖిక పరీక్షలో గ్రంథమునకు ప్రాణమున్నదా లేదా తేలును. ఇది నీ రచనయేనా, దీనిని నీవు సమర్థింపగలవా అనునవే అక్కడి మూల ప్రశ్నలు. ఈ ఆధారమును ఎందులకు విడిచితివి, ఈ మాటకు విరుద్ధమైన సాక్ష్యము దొరికినచో ఏమందువు అని అడిగినపుడు, తానే వెదకి, తానే సందేహించి, తానే తేల్చుకొన్నవాడు తడబడడు. తెలియని దానిని తెలియదని చెప్పుటయు అక్కడ యోగ్యతయే.

ఇంతవఱకు అభ్యర్థి సంగతి. పరీక్షకునికి మాత్రము పరీక్ష లేదా? జాలితోనో, మొగమాటముతోనో, తీరిక లేకయో బలహీనమైన గ్రంథమునకు చేవ్రాలు చేసినచో నష్టము ఒక్క పట్టముతో పోదు. సంఘము నిబంధనల మేరకు సిద్ధాంత గ్రంథములను శోధగంగ అను జాతీయ భాండాగారమున అందరికిని అందుబాటున ఉంచుచున్నారు. ఒకనాడు బీరువాలో మూలుగుచుండిన తప్పు నేడు ఊరూర తిరుగును. తప్పుడు తేదీ ఒక సిద్ధాంత గ్రంథమునుండి మఱియొకదానికి, దానినుండి పాఠ్యసహాయక పుస్తకమునకు, అక్కడనుండి నల్లబల్లపైకి ఎక్కును. చివరకు దానిని కంఠస్థము చేయువాడు ఎనిమిదవ తరగతి బాలుడు. ఆ బాలుడు పరీక్షకుని పేరైనను ఎఱుగడు. కాని ఆ చేవ్రాలు ఫలము అనుభవించువాడు వాడే.

కావున ఈ కొలబద్దను విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టనక్కఱలేదు. తరగతిలో వ్యాసము దిద్దునపుడు ఉపాధ్యాయుడు మూడు మాటలు అడిగిన చాలును: నీ ప్రశ్న ఏది? ఇది నీకెట్లు తెలిసినది? కాదన్నవానికి ఏమి చెప్పుదువు? పదునాలుగేండ్ల ప్రాయమున ఈ మూడింటికి జవాబు వెదక నేర్చిన పిల్లవాడు ముందు ముందు సిద్ధాంత గ్రంథము వ్రాయవచ్చును, వ్రాయకపోవచ్చును. ఎవరేమి చెప్పినను తలయూపువాడు మాత్రము కాడు.