గుమ్మంలో సంతకం, గూట్లో కవరు

ఫోను తెర మీద ‘అ’ దగ్గర వేలు ఆనిస్తాం, అక్షరం పడుతుంది. ప్రాసెసర్ చురుగ్గా ఉంది కాబట్టి వెంటనే పలికిందని అనుకుంటాం. ఇందులో నిజం సగమే. వేలు తగిలిందన్న కబురు అందగానే ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా చేసేది అసలు పనిని వాయిదా వేయడం. వినడానికి విడ్డూరంగా ఉన్నా, కంప్యూటర్లు బరువు మీద పడినప్పుడు కుప్పకూలకుండా నిలబడటానికి ఈ వాయిదా విద్యే ఆధారం. ప్రతి పిలుపుకూ అక్కడికక్కడే పూర్తిగా పలికే యంత్రం ఎంత వేగవంతమైనదైనా, పిలుపులు పెరిగిన రోజున ఏ పనీ పూర్తిచేయలేదు. అరవై ఏళ్లకు పైబడిన అనుభవం ఈ మాటకు సాక్ష్యం.

ముందు ఆ వేలి కబురును కాస్త దగ్గరగా చూద్దాం. గాజు కింద టచ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. గాజు మీద విద్యుదావేశంలో వచ్చే మార్పులను అది ఎడతెగకుండా కొలుస్తూ ఉంటుంది. వేలు తగిలిందని తేలగానే, ప్రధాన ప్రాసెసర్‌కు వెళ్లే ఒక తీగ మీద వోల్టేజీ మారుస్తుంది. ‘ఇక్కడేదో జరిగింది’ అన్న సంగతి తప్ప ఆ తీగ ఇంకేమీ చెప్పలేదు. ఇదే హార్డ్‌వేర్ ఇంటరప్ట్. ఆ సమయానికి ప్రాసెసర్ ఏ పాటో వినిపిస్తూ ఉండవచ్చు. చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో ఆ చిరునామాను ఒక రిజిస్టర్‌లో దాచుకుంటుంది, ఇంకో ఇంటరప్ట్ మధ్యలో దూరకుండా గడియ వేసుకుంటుంది, కెర్నల్‌లో ముందే ఖాయం చేసిపెట్టిన చోటికి దూకుతుంది. హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే హక్కున్న, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం ఈ కెర్నల్. పిలిచింది ఎవరో నంబరును బట్టి తెలుసుకుని, ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, అంటే దాని డ్రైవర్‌లో, ఉన్న చిన్న ఫంక్షన్‌ను నడుపుతుంది. దీన్ని హ్యాండ్లర్ అంటారు.

వేలు తెర మీద సరిగ్గా ఏ చోట ఆనిందో హ్యాండ్లర్‌కు ఇంకా తెలియదు. ఆ అంకెలు టచ్ చిప్పు దగ్గరే ఉన్నాయి. చాలా ఫోన్లలో వాటిని ఐటూసీ అనే రెండు తీగల దారిలో తెచ్చుకోవాలి. ఆ దారి సెకనుకు 4 లక్షల టిక్కులతో నడుస్తుందనుకుంటే, ఒక్క బైటుకు 9 టిక్కులు, అంటే 22.5 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక వేలి వివరాలకు 8 బైట్లు అనుకున్నా 180 మైక్రోసెకన్లు. మనకది రెప్పపాటులో వెయ్యో వంతు కూడా కాదేమో గానీ, 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు 3,60,000 టిక్కుల కాలం. అంతసేపూ గడియ వేసుకుని కూర్చుంటే, ప్రాసెసర్‌లో ఈ పని మీదున్న గణన విభాగానికి, అంటే ఆ కోర్‌కు, వచ్చే మిగతా కబుర్లన్నీ గుమ్మం బయటే ఆగిపోతాయి. అందుకే లినక్స్ డ్రైవర్లలో టచ్ హ్యాండ్లర్ సాధారణంగా ఒకే పని చేస్తుంది: ఈ పని కోసమే నిద్రపోతున్న ఒక థ్రెడ్‌ను, అంటే విడిగా నడిచే ఒక పని పాయను, తట్టి లేపి, తప్పుకుంటుంది. అంకెలు తెచ్చుకోవడం, వాటిని పైనున్న సాఫ్ట్‌వేర్‌కు అందించడం ఆ థ్రెడ్ తన వంతు వచ్చినప్పుడు చూసుకుంటుంది.

రిజిస్టర్డ్ పోస్టు వచ్చినప్పుడు ఇంట్లో జరిగేదీ ఇదే. సంతకం పెట్టి కవరు అందుకోవడం ఒక పని, దాన్ని చించి చదివి జవాబు రాయడం ఇంకో పని. పోస్ట్‌మన్‌ను గుమ్మంలో నిలబెట్టి జవాబు రాయడానికి ఎవరూ కూర్చోరు. సంతకం పెట్టి కవరును గూట్లో పెడతారు, పొయ్యి మీద పాలు పొంగకుండా దించుకుని, తర్వాత తీరిగ్గా చదువుకుంటారు. లినక్స్ లోకంలో సంతకం భాగాన్ని టాప్ హాఫ్ అనీ, చదివే భాగాన్ని బాటమ్ హాఫ్ అనీ అంటారు. పేర్లు సాదాసీదావే. ఏ పని ఏ సగంలో పడాలన్న నిర్ణయంలోనే డ్రైవర్ రాసేవారి పనితనం తెలిసిపోతుంది.

ఆలస్యం ఒక్కటే అయితే ఇంత జాగ్రత్త అక్కర్లేదు. ఇంతకంటే లోతైన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంటరప్ట్ చెప్పి రాదు. ప్రాసెసర్ నడిపే రెండు సూచనల మధ్య ఏ సందులోనైనా రావచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎలక్ట్రోలాజికా ఎక్స్1 కంప్యూటర్‌ను రూపొందిస్తున్న రోజుల్లో, 1957 ప్రాంతంలో, సహచరులు లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అందులో ఇంటరప్ట్ పెడదామన్నప్పుడు ప్రోగ్రామర్ ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా భయపడ్డారు. తప్పు ఒకసారి జరిగి మళ్లీ జరగకపోతే, దాన్ని పట్టుకునేదెలా అన్నది ఆయన భయం. నిర్ణయాన్ని కొంతకాలం ఆపించి, చివరికి ఒప్పుకుని, ఆ యంత్రానికి ఇంటరప్ట్ సాఫ్ట్‌వేర్ తానే రాశారు. 1959లో ఆయన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసం ఆ పని గురించే. ఆ భయం నేటికీ పాతబడలేదు. ఒక ప్రోగ్రాము ఏదో జాబితాను సవరించడానికి దానికి తాళం వేసుకుని పనిచేస్తోందనుకోండి. సరిగ్గా అప్పుడే అదే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చి, హ్యాండ్లర్‌కూ అదే జాబితా కావాల్సి వచ్చింది. తాళం తీసేదాకా హ్యాండ్లర్ ఆగుతుంది. తాళంచెవి ఉన్న ప్రోగ్రామేమో హ్యాండ్లర్ తప్పుకుంటే తప్ప కదలలేదు. ఆ కోర్ ఇక అక్కడే బిగుసుకుపోతుంది. కాబట్టి హ్యాండ్లర్ ముట్టుకునే వస్తువుకు తాళం వేసేవారు ముందుగా ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లను ఆపుకోవాలన్నది కెర్నల్‌లో నియమం. హ్యాండ్లర్ చేసే పని ఎంత తగ్గితే ఇలాంటి చిక్కుముడులు అంత తగ్గుతాయి.

వాయిదా వేస్తే చాలా అంటే చాలదు. పిలుపునే కాసేపు ఆపగలగాలి. దీన్ని తేటతెల్లం చేసిన పరిశోధన 1996లో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు చెందిన జెఫ్రీ మోగల్, అప్పట్లో బెల్ ల్యాబ్స్‌లో ఉన్న కె.కె. రామకృష్ణన్ కలిసి, యూనిక్స్ యంత్రాన్ని రూటర్‌గా పెట్టి, దాని మీదికి ప్యాకెట్ల వరదను వదిలి చూశారు. అప్పటి 10 మెగాబిట్ ఈథర్‌నెట్‌లో చిన్న ప్యాకెట్లు సెకనుకు 14,880 దాకా రాగలవు. వరద పెరిగేకొద్దీ రూటర్ ముందుకు పంపే ప్యాకెట్లు ఒక హద్దు వరకు పెరిగాయి, ఆ తర్వాత పడిపోవడం మొదలైంది. ప్యాకెట్‌ను అందుకునే ఇంటరప్ట్‌కు పెద్దపీట, దాన్ని ముందుకు పంపే పనికి కింది పీట వేయడమే కారణం. ఒక ప్యాకెట్‌ను అందుకుని వరుసలో పెట్టేలోగా ఇంకోటి వస్తుంది. వరుస నిండిపోతుంది, అంత శ్రమపడి అందుకున్న ప్యాకెట్లను పారేయాల్సి వస్తుంది. ప్రాసెసర్ క్షణం తీరిక లేకుండా పనిచేస్తూనే ఉంటుంది, బయటికి మాత్రం ఒక్క ప్యాకెట్టూ వెళ్లని స్థితి వస్తుంది. దీనికి రిసీవ్ లైవ్‌లాక్ అని పేరు. గుమ్మంలో సంతకాలు పెట్టడంతోనే తెల్లవారిపోయి, ఒక్క ఉత్తరం కూడా చదవని ఇల్లు అది.

వాళ్లు సూచించిన మందు నాకు ఈ విషయమంతటిలోకీ అందంగా కనిపిస్తుంది. మొదటి ప్యాకెట్ ఇంటరప్ట్ రాగానే నెట్‌వర్క్ కార్డును ‘ఇక పిలవకు, నేనే వస్తాను’ అని ఆపేయడం. తర్వాత కెర్నలే వెళ్లి, ఒక పరిమితికి లోబడి ప్యాకెట్లు తెచ్చుకుని, ప్రతి ఒక్కదాన్నీ చివరిదాకా నడిపించడం. పోగు ఖాళీ అయ్యాకే మళ్లీ పిలుపుకు అనుమతి ఇవ్వడం. ఎంతకీ తరగని వరదైతే, మిగిలినవి కార్డులోనే రాలిపోతాయి. వాటి మీద ప్రాసెసర్ శ్రమ వృథా కాదు. జమాల్ హది సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ 2001లో వివరించిన ‘నాపీ’ ద్వారా ఈ ఆలోచన లినక్స్‌లోకి వచ్చింది. అక్కడ ఒక కార్డుకు ఒక విడతలో మామూలుగా 64 ప్యాకెట్లు, అన్ని కార్డులకూ కలిపి 300 అని హద్దులు పెట్టారు. ఒకే కార్డు కోర్‌ను కబ్జా చేయకుండా ఆ హద్దులు కాపాడతాయి.

ఎలాగూ కెర్నలే వెళ్లి చూస్తోంది కదా, ఇంటరప్ట్‌లు పూర్తిగా ఎత్తేసి ఎప్పుడూ వెళ్లి చూస్తూ ఉంటే పోదా అని కొందరు అడుగుతారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. 10 గిగాబిట్ తీగ మీద చిన్న ప్యాకెట్లు 67 నానోసెకన్లకు ఒకటి వస్తాయి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది సుమారు 200 టిక్కులు. ఒక్కోదానికి ఒక్కో ఇంటరప్ట్ అంటే ఆ 200 టిక్కులు రాకపోకలకే చాలవు. అందుకే భారీ నెట్‌వర్క్ పరికరాల్లో డీపీడీకే లాంటి సాఫ్ట్‌వేర్ కొన్ని కోర్లను ఈ ఒక్క పనికే కేటాయించి, ఆగకుండా చూస్తూనే ఉంటుంది. ఎడతెగని వరద ఉన్నచోట అదే సరైన పద్ధతి. అయితే ప్యాకెట్లు ఒక్కటీ రాని వేళ కూడా ఆ కోర్ నూటికి నూరు పాళ్లూ మండుతూనే ఉంటుంది. జేబులో ఉండే ఫోను అలా చేస్తే బ్యాటరీ పూటకు కూడా రాదు. పిలుపు లేనప్పుడు నిద్రపోగలగడం ఇంటరప్ట్ ఇచ్చిన వరం. నాపీ ఆ వరాన్ని వదులుకోలేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు పిలుపు కోసం ఆగుతుంది, వరదలో తానే వెళ్లి చూస్తుంది.

రోబో చేతిని ఆపాల్సిన కబురునూ, శబ్ద పరికరాల కబురునూ వాయిదా వేస్తే ప్రమాదం కాదా అన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. సహజంగా తోచేది, అలాంటి చోట హ్యాండ్లర్‌లోనే పనంతా ముగించాలని. కచ్చితమైన గడువులు కావలసినవారి కోసం ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ అనే లినక్స్ సవరణల కూర్పు సరిగ్గా దీనికి ఎదురుదారి పట్టింది. అది దాదాపు అన్ని హ్యాండ్లర్లనూ థ్రెడ్లుగా మార్చేస్తుంది. థ్రెడ్ అయ్యాక ప్రాధాన్యం ఇవ్వవచ్చు. రోబో చేతి కబురు ముందు, డిస్కు కబురు వెనక అని చెప్పవచ్చు. హ్యాండ్లర్‌గా ఉన్నంతకాలం డిస్కు కబురైనా సరే, తాను ముగిసేదాకా ఎవరినీ దాటనివ్వదు. అంటే గడువు గురించి అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్నవారే అందరికంటే ఎక్కువగా వాయిదా వేశారు. దీనికి మూల్యం ఉంది, మొత్తం మీద జరిగే పని కొంత తగ్గుతుంది. అయినా ఆ మూల్యం చెల్లించదగినదే. థ్రెడ్ హ్యాండ్లర్లు 2009లోనే ప్రధాన లినక్స్‌లో చేరాయి, ప్రీఎంప్ట్-ఆర్‌టీని 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌లో కలిపారు.

వాయిదా వేయలేని పిలుపులూ లేకపోలేదు. మెమరీలో సరిదిద్దలేని లోపం, కోర్ బిగుసుకుపోయిందని చెప్పే కాపలా గడియారం లాంటివి ఎంత గడియ వేసుకున్నా తోసుకుని రాగలవు. ఇక పిలుపే అబద్ధమైతే? పాత పద్ధతిలో ఒకే తీగను నాలుగైదు పరికరాలు పంచుకునేవి. కెర్నల్ ఒక్కో డ్రైవర్‌నూ ‘నీదేనా?’ అని అడుగుతూ పోవాలి. అందరూ కాదన్నా తీగ మోగుతూనే ఉంటే, లినక్స్ లెక్కపెడుతుంది. లక్ష పిలుపుల్లో 99,900కు మించి ఎవరివీ కాకపోతే, ‘ఎవరూ పట్టించుకోలేదు’ అనే అర్థం వచ్చే సందేశం లాగ్‌లో రాసి ఆ తీగను మూసేస్తుంది. మూసేసి ఊరుకోదు. ఆ తీగ చివర నిజంగా పని ఉన్న పరికరం ఉండిపోయి ఉండవచ్చు కాబట్టి, సెకనుకు 10 సార్లు తానే వెళ్లి ఆ డ్రైవర్లను మళ్లీ అడిగి వస్తుంది.