తాతయ్య ఛాతీలో చిన్న పెట్టె: డీఫిబ్రిలేటర్ గురించి ఇంటిల్లిపాదికీ



2022 ఫిబ్రవరి 21 ఉదయం మన జిల్లాలోని ఆత్మకూరు ఎమ్మెల్యే, అప్పటి రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాద్‌లోని తన ఇంట్లో కుప్పకూలారు. హాస్పిటల్‌కి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. ఆయన వయసు 50 ఏళ్లే. ఇలాంటి వార్త విన్నప్పుడు మనం బాధపడతాం. దాంతోపాటు ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటేనా?

కాదు. రక్తనాళం మూసుకుపోతే గుండెపోటు. గుండెను నడిపించే కరెంటు గాడి తప్పి, కొట్టుకోవడం ఆగితే కార్డియాక్ అరెస్ట్. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. చాలాసార్లు అప్పుడు గుండె కొట్టుకోకుండా వణుకుతూ ఉంటుంది, మెదడుకు రక్తం అందదు.

షాక్ ఏం చేస్తుంది?

క్లాసంతా ఒకేసారి అరుస్తుంటే టీచర్ బల్ల మీద గట్టిగా ఒక్క దెబ్బ వేస్తారు. అందరూ నిశ్శబ్దమయ్యాక లీడర్ మళ్లీ పాఠం మొదలుపెడతాడు. డీఫిబ్రిలేటర్ షాక్ కూడా అంతే. గందరగోళాన్ని ఆపి, గుండె తన సొంత లయను అందుకునే అవకాశం ఇస్తుంది. సీపీఆర్ కూడా చేయకపోతే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

ఎయిర్‌పోర్టుల వంటి చోట్ల గోడకు ఉండే ఏఈడీ ఎవరైనా వాడగలిగేది. ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. ఐసీడీని మాత్రం చర్మం కింద అమరుస్తారు. మనిషికి దీన్ని మొదటిసారి 1980లో అమెరికాలో అమర్చారు. అది రాత్రీపగలూ గుండెను గమనిస్తూ, అవసరమైతే తానే షాక్ ఇస్తుంది.

ఇంట్లో ఐసీడీ ఉన్నవారుంటే

• ఫోన్ చొక్కా జేబులో వద్దు. పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో, రెండో వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.
• ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించాలి.
• రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు, మోటార్లకు ఎర్తింగ్ సరిగా ఉండాలి. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకోకూడదు. లీకయ్యే కరెంటును గుండె కరెంటుగా పొరబడి పరికరం అనవసరంగా షాక్ ఇవ్వవచ్చు.
• తిరుమలలోనైనా ఎయిర్‌పోర్టులోనైనా మెటల్ డిటెక్టర్ కింద ఆగకుండా నడిచిపోవాలి. ఐసీడీ కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి.
• ఎమ్మారై, వెల్డింగ్ విషయంలో ముందుగా డాక్టర్‌ని అడగాలి.

షాక్ వస్తే

ఒక్క షాక్ వచ్చి మనిషి బాగానే ఉంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. వరుసగా రెండు వచ్చినా, ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉన్నా వెంటనే 108కి చెప్పండి. డాక్టర్ సరేననే దాకా వారు బండి నడపకూడదు. రోజూ పిల్లల్ని తీసుకెళ్లేది తాతయ్యే అయితే, ఆ రోజు ఎవరు వస్తారో స్కూల్ ఆఫీసుకి తెలియజేయండి.

పిల్లలకు ఇలా చెప్పండి

"తాతయ్యను పట్టుకుంటే నీకు షాక్ కొట్టదు." ఇది నిజం. ఆ క్షణంలో ముట్టుకున్నా మహా అయితే కాస్త జివ్వుమంటుంది, హాని ఉండదు. కాబట్టి తాతయ్య ఒళ్లో నిశ్చింతగా కూర్చోవచ్చు.

పెద్దవాళ్లు పడిపోయి, పిలిచినా పలకకపోతే వెంటనే కేక వేయడం, 108 నొక్కడం, ఇంటి అడ్రస్ చెప్పడం ఈ నెలలో పిల్లలకు నేర్పండి. శ్వాస సరిగా లేకపోతే పెద్దలు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. ఐసీడీ ఉన్నా సరే, ఆగకూడదు.